అటూ ఇటూగా — ఎంత?

మొన్న ఆదివారం నా పాత శిష్యులు కొందరు మా ఇంటికి భోజనానికి వస్తామన్నారు. "ఎంతమంది?" అని అడిగింది మా ఆవిడ.

"పదిమంది, అటూ ఇటూగా" అన్నాను, పేపరులోంచి తల ఎత్తకుండా.

"అటు ఎంత? ఇటు ఎంత?"

పేపరు దించక తప్పింది కాదు.

"ఇటు తగ్గితే నాకు బెంగ లేదు. మిగిలిన అన్నం రాత్రికి పులిహోర కలుపుతాను. అటు ఎంతవరకూ పోతుందో చెప్పండి చాలు. పదమూడుమంది దాటరు గదా?"

"దాటరు."

"సరే అయితే" అని లోపలికి వెళ్ళి పదమూడుమందికి బియ్యం పోసింది. వచ్చింది పదకొండుమంది. అందరూ తృప్తిగా తిని, ఆవిడ చేతి వంకాయ కూరను మెచ్చుకుని వెళ్ళారు. ఇందులో నాకు దక్కిన మెప్పు ఏమీ లేదు. ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. నేను నల్లబల్ల మీద మూడు వారాలపాటు చెప్పే సంగతిని ఆవిడ గుమ్మంలో నుంచుని మూడు ముక్కల్లో తేల్చేసింది. అది నాకు కాస్త కష్టంగానే తోచిందని మీ దగ్గర దాచడమెందుకు!

మన భాషలో ఈ జాతి మాటలకు కొదవ లేదు. సుమారు, దాదాపు, రమారమి, ఇంచుమించు, ఉజ్జాయింపు — ఎన్నో. కొత్త ఊళ్ళో దారి అడిగితే "కూతవేటు దూరం" అంటారు. తీరా నడిస్తే కాళ్ళు పడిపోతాయి. కూతవేటు నిజమే కావచ్చు. ఆ కూత ఎవరిదో వాళ్ళు చెప్పలేదు, మనం అడగలేదు.

ఆ ఆదివారమే మా అమ్మాయి కూతురు సెలవులకు వచ్చి ఉంది. ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతోంది. అమ్మమ్మ మాటలు విని నవ్వి, సాయంత్రం లెక్కల పుస్తకం పట్టుకుని నా పడకకుర్చీ దగ్గరికి వచ్చింది.

"తాతయ్యా, ఈ టేలర్ గారితో నాకు పేచీ లేదు. ఆయన వెనకాల తోకలాగా ఈ శేషం ఎందుకు? పరీక్షలో ఐదు మార్కులకు బట్టీ పట్టమన్నారు. పడతాను. కానీ ఇది దేనికో ఎవరూ చెప్పలేదు."

ఆ అమ్మాయికి చెప్పినదే మీకూ చెబుతాను. లెక్కలంటే భయమున్నవారు భయపడకండి. మధ్యలో వచ్చే అంకెలను దాటుకుపోయినా కథ అందుతుంది.

టేలర్ అంటే బట్టలు కుట్టేవాడు కాడు. బ్రూక్ టేలర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు. అయినా ఆయన చేసింది దర్జీపని లాంటిదే. వంకరలు తిరిగిన గీత ఒకటి ఉంటుంది. దాని మీద ఒక్కచోట నిలబడి కొలతలు తీసుకుంటాడు. ఇక్కడ ఎత్తు ఎంత, వాలు ఎంత, ఆ వాలు ఎంత వేగంగా మారుతోంది — ఇల్లా. ఆ ఒక్కచోటి కొలతలతో కూడికలూ గుణకారాలూ తప్ప మరేమీ అక్కర్లేని బహుపది ఒకటి కుట్టి గీత మొత్తానికి తొడుగుతాడు. కొలత తీసినచోట చొక్కా ఒంటికి అతుక్కున్నట్టే ఉంటుంది. దూరం వెళ్ళేకొద్దీ వదులవుతుంది. ఎంత దూరంలో ఎంత వదులో చెప్పేదే మా మనవరాలు తోక అన్న శేషం.

"ఉదాహరణకు ఒక రైలు ఉందనుకో" అన్నాను. "ఇప్పుడు సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతోంది. 10 సెకన్ల తరువాత ఎక్కడుంటుంది?"

"200 మీటర్ల అవతల."

"డ్రైవరు ఈలోగా బ్రేకు వేస్తే?"

"ఏమో. వేస్తాడో లేదో నాకెల్లా తెలుస్తుంది?"

"తెలియక్కర్లేదు. వేగం పెంచినా తగ్గించినా సెకనుకు సగం మీటరు మించి మార్చలేని బండి అది. అంతమాత్రం తెలిస్తే చాలు. 10 సెకన్ల వర్గం 100. దాన్ని ఆ సగంతో గుణించి, రెండు పెట్టి భాగించు. 25. అంటే డ్రైవరు ఏం చేసినా సరే, బండి 175 మీటర్లకూ 225 మీటర్లకూ మధ్య ఉండి తీరాలి. 200 అన్నది ఉజ్జాయింపు. 25 అన్నది దాని హద్దు."

కోణం నుంచి సైన్ కట్టే శ్రేణి తీసుకున్నాం. సూత్రం చిన్నదే. కోణాన్ని రేడియన్లలో తీసుకోవాలి. దానిలోంచి దాని ఘనాన్ని 6 పెట్టి భాగించి తీసెయ్యాలి. అయిదో ఘాతాన్ని 120 పెట్టి భాగించి కలపాలి. ఏడో ఘాతాన్ని 5040 పెట్టి భాగించి తీసెయ్యాలి. ఇల్లా ఎంతదూరమైనా పోవచ్చు. 30 డిగ్రీలకు జవాబు సరిగ్గా సగమని బడిపిల్లలకు కూడా తెలుసు గనక, దాని మీదే పరీక్ష పెట్టాం. మా ఇంట్లో కాగితానికి కరువు లేదు. వచ్చిన ప్రతి శుభలేఖ వెనకవైపూ నాదే.

30 డిగ్రీలంటే 0.5235988 రేడియన్లు. రెండు పదాలతో ఆపితే 0.4996742 వచ్చింది. మూడో పదం కూడా కలిపితే 0.5000021. అసలు జవాబు 0.5. అంటే మూడు పదాలతో మిగిలిన తప్పు 0.0000021. మనం కలపకుండా వదిలేసిన నాలుగో పదం ఎంతో కట్టి చూడమన్నాను. 0.00000214. తప్పు దానికి లోపలే ఉంది! సైన్‌ను ఎన్నిసార్లు అవకలనం చేసినా సైనో కొసైనో వస్తుంది. వాటిలో ఏదీ ఒకటిని మించదు. అందుకే వదిలేసిన పదాన్ని తప్పు దాటిపోలేదు.

"బాగుంది" అని మా మనవరాలు, కుర్రతనం గదా, అదే మూడు పదాల సూత్రంలో 10 రేడియన్లు వేసింది. అంటే సుమారు 573 డిగ్రీలు. జవాబు 676 చిల్లర వచ్చింది. ఒకటి దాటని సైన్‌కు ఆరువందల డెబ్భయ్యారు! పకపకా నవ్వింది.

"నవ్వకు. శేషం ముందే చెప్పింది. వదిలేసిన పదం కట్టు."

కట్టింది. 10 ఏడో ఘాతాన్ని 5040 పెట్టి భాగిస్తే 1984. అంటే సూత్రం తన నోటితోనే చెబుతోంది: "నన్ను ఇంతదూరం తీసుకొచ్చారు, ఇక్కడ నా మాటలో 1984 దాకా తప్పు ఉండవచ్చు, నమ్మకండి" అని. అందుకే కంప్యూటర్లలో ఇల్లాంటి లెక్కలు రాసేవారు పెద్ద కోణంలోంచి ముందు పూర్తి చుట్లన్నీ తీసేసి, దాన్ని మడిచి చిన్నది చేసి, అప్పుడు గాని బహుపదిని దాని మీదకు వదలరు.

ఇక్కడ పిల్ల అసలు ప్రశ్న అడిగింది.

"తాతయ్యా, పుస్తకంలో శేషం సూత్రం తర్వాతి పదంలాగే ఉంది. కానీ అందులో ఒక 'సి' ఉంది. అది మొదటి బిందువుకూ మన బిందువుకూ మధ్య ఎక్కడో ఒకచోట ఉంటుందట. ఎక్కడో చెప్పరట. ఎక్కడుందో తెలియని దాన్ని పెట్టుకుని లెక్క ఎల్లా చేస్తాం? ఇది మోసం కాదూ?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. కాదు, తోచింది, చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చివరకు ఎన్నడూ మా పిల్లలకు కూడా చెప్పని సంగతి ఒకటి ఆ పిల్లకు చెప్పాను.

1972లో నాకు కొత్తగా ఉద్యోగం. ఒకరోజు మధ్యాహ్నం ఊరినుంచి తంతి వచ్చింది — నాన్నకు జబ్బుగా ఉంది, వెంటనే బయలుదేరమని. దొరికిన బండి ఎక్కి సాయంత్రానికి ఒక జంక్షనులో దిగాను. అక్కడ మా ఊరివైపు బండి పట్టుకోవాలి. అది ఏడింటికి రావాలి. ప్లాట్‌ఫారం మీద ఉన్న ఉద్యోగిని అడిగాను. "రెండు గంటలు లేటండీ, అటూ ఇటూగా" అన్నాడు. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తొమ్మిదింటి దాకా ఇక్కడ చేసేదేముందని ఊళ్ళోకి నడిచి, ఒక కాఫీ హోటల్లో రెండు ఇడ్లీలు తిన్నాను. ఎనిమిదింబావుకు తిరిగి వచ్చేసరికి ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. బండి ఎనిమిది గంటల అయిదు నిమిషాలకే వచ్చి వెళ్ళిపోయిందట. దారిలో ఎక్కడో ఆలస్యాన్ని పూడ్చుకుంది.

తరువాతి బండి తెల్లవారుజామున. నేను ఇల్లు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. అరుగు మీద జనం ఉన్నారు. నాన్న రాత్రి రెండుసార్లు అడిగారట — వాడు వచ్చాడా, అని.

ఆ ఉద్యోగి మీద నాకు కోపం లేదు. అతను అబద్ధం ఆడలేదు. అతనికి తెలిసినది చెప్పాడు. నేను అడగవలసింది అడగలేదు. బండి సరిగ్గా ఎప్పుడొస్తుందో అతనికీ తెలియదు, నాకూ అక్కర్లేదు. "ఎంత తొందరగా వచ్చినా ఎన్నింటికి ముందు రాదు?" అని అడిగి ఉంటే, "ఎనిమిదికి ముందు రాదండి" అని ఉంటే, నేను ఏడున్నరకల్లా ప్లాట్‌ఫారం మీద ఉండేవాణ్ణి. ఏభై ఏళ్ళు దాటిపోయింది. ఆ రెండు ఇడ్లీల రుచి ఇప్పటికీ గుర్తుంది.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అంది: "అయితే 'సి' ఎక్కడున్నా ఫరవాలేదన్నమాట. అది ఉండగలిగిన చోట్లన్నిటిలోకీ చెడ్డచోటు ఏదో తెలిస్తే చాలు."

"చాలు. అమ్మమ్మ బియ్యం పోసింది అల్లాగే."

"సైన్ ఒకటిని మించదని ముందే తెలుసు. సరే. అసలు జవాబే ఎంతో తెలియనిచోట?"

మంచి ప్రశ్న. సహజ లాగరిథమ్‌లకు ఆధారమైన సంఖ్య ఒకటి ఉంది. పుస్తకాల్లో 'ఇ' అని రాస్తారు. అది 1, 1, 1/2, 1/6, 1/24, 1/120 — ఇల్లా అంతులేకుండా కలిపితే వస్తుంది. అంతులేకుండా కలిపే తీరిక ఎవరికీ లేదు గనక 1/120 దగ్గర ఆపామనుకోండి. 2.7167 వస్తుంది. తప్పెంత? శేషం సూత్రంలో మళ్ళీ ఆ 'ఇ' యే ఎదురవుతుంది. దాన్ని కట్టడానికి బయలుదేరి, దాని విలువే కావాలంటే ఎల్లా? కానీ సరైన విలువ అక్కర్లేదు. అది 3 దాటదని తెలిస్తే చాలు. ఆ సంగతి పసిపిల్లవాడైనా చూడగలడు: 1/6 కన్న 1/4 పెద్దది, 1/24 కన్న 1/8 పెద్దది, ఆ పెద్దవాటినే 1, 1, 1/2, 1/4, 1/8 అంటూ చివరిదాకా కలిపినా మొత్తం 3 మాత్రమే. ఆ 3ను 720 పెట్టి భాగిస్తే 0.0042. తప్పు అంతకు మించదు. నిజానికి అసలు విలువ 2.71828, తప్పు 0.0016. హద్దు కాస్త వదులే. ఇద్దరికి అన్నం మిగిలింది. ఎవరూ పస్తు లేరు.

ఈ శేషం కథలో ఒక చిత్రం ఉంది. టేలర్ తన శ్రేణిని 1715లో అచ్చు వేశాడు. ఎక్కడో ఒకచోట ఆపితే ఎంత తప్పు మిగులుతుందో అందులో చెప్పలేదు. ఇప్పుడు మా మనవరాలు బట్టీ పడుతున్న శేషం సూత్రాన్ని లాగ్రాంజ్ 1797లో వెలువడిన తన గ్రంథంలో ఇచ్చాడు. మధ్య 82 ఏళ్ళు. ఆ మధ్యకాలంలో ఎందరో మహానుభావులు ఆ శ్రేణిని వాడారు. ఉజ్జాయింపు చెయ్యడం కన్న, తన ఉజ్జాయింపును తానే అనుమానించడం కష్టమైన పని.

అయితే ఆ అనుమానం మన దేశంలో అంతకు ఎంతో ముందే మొలకెత్తింది. ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలో 20000 వ్యాసం గల వృత్తానికి పరిధి 62832 అన్నాడు. అంటే పై విలువ 3.1416. ఇచ్చి, ఇది 'ఆసన్నం' అన్నాడు — దగ్గరది, సరిగ్గా అదే కాదు అని. అంత నిజాయితీగా చెప్పడమే గొప్ప. కానీ ఎంత ఆసన్నమో చెప్పలేదు.

ఆ రెండో ప్రశ్నను పట్టుకున్నది కేరళదేశపు గణితజ్ఞులు. సంగమగ్రామ మాధవుడు పద్నాలుగో శతాబ్దం మధ్యనుంచి పదిహేనో శతాబ్దం మొదటివరకూ ఉన్నవాడు. ఈ విషయం మీద ఆయన స్వయంగా రాసిన గ్రంథం మనకు దక్కలేదు. శిష్యప్రశిష్యులు ఆయన పేరు చెప్పి రాసినవి దక్కాయి. అందులో జ్యేష్ఠదేవుడి యుక్తిభాష పదహారో శతాబ్దంలో మలయాళంలో రాసినది. పై విలువలో నాలుగోవంతు కావాలంటే 1లోంచి 1/3 తీసి, 1/5 కలిపి, 1/7 తీసి, అల్లా పొమ్మంటారు. యూరపులో ఇదే శ్రేణి గ్రెగరీ, లైబ్నిజ్‌ల చేతికి చిక్కింది 1670 తరువాతే.

శ్రేణి అందమైనదే గాని నడక ఎద్దుబండిది. పది పదాలు కలిపి నాలుగు పెట్టి గుణించమన్నాను. మా మనవరాలికి 3.0418 వచ్చింది. మొదటి దశాంశమే తప్పు!

"ఇంకా కలపనా?"

"వద్దు. మాధవుడి దారి చూడు. ఆయన ఆగాడు. ఆగి, ఇక్కడ ఎంత మిగిలిపోయిందో అంచనా కట్టాడు. ఆ అంచనాను జవాబుకే కలిపేశాడు."

పది పదాల దగ్గర ఆగితే మొదటి దిద్దుబాటు, పదికి నాలుగురెట్లు పెట్టి ఒకటిని భాగించడం: 1/40. పదకొండు దగ్గర ఆగితే 1/44. ఈ దిద్దుబాటు మంచిదో కాదో ఎల్లా తెలుస్తుంది? వారి తర్కం ఇది: ఈ మెట్టు మీద ఆగి దిద్దినా, ఇంకో మెట్టెక్కి ఆగి దిద్దినా ఒకే జవాబు రావాలి. అల్లా రావాలంటే ఆ రెండు దిద్దుబాట్లూ కలిసి మధ్యలో ఉన్న పదానికి, అంటే 1/21కి సమానం కావాలి. 1/40, 1/44 కలిపితే 0.047727, కావలసింది 0.047619. కొంచెం తేడా ఉంది. ఆ తేడాను వారు 'స్థౌల్యం' అన్నారు. ముతకదనం అని. ఎంత చక్కని మాట! నేతగాడు బట్టను వేళ్ళ మధ్య నలిపి చూసినట్టు, జవాబును నలిపి చూశారు.

ముతకగా ఉందని తేలింది గనక, దాన్ని సన్నం చేశారు. రెండో దిద్దుబాటు 10/401. పదకొండు దగ్గర 11/485. రెండూ కలిపితే 0.047618. ఇంకా సన్నమైన మూడో దిద్దుబాటు 101/4050. మా మనవరాలు పది పదాల మొత్తానికే ఒక్కొక్కటీ కలిపి, నాలుగు పెట్టి గుణించి చూసింది. మొదటిదానితో 3.1418. రెండోదానితో 3.14159. మూడోదానితో 3.1415927. మిగిలిన తప్పు కోటిలో సుమారు సగం పాలు! దిద్దుబాటు లేకుండా అంత దగ్గరకు రావాలంటే సుమారు రెండు కోట్ల పదాలు కలపాలి.

మాధవుడిదని చెప్పే విలువ ఒకటి ఉంది: వ్యాసం 900000000000 అయితే పరిధి 2827433388233. భాగించి చూసుకోండి, పదకొండు దశాంశాల దాకా సరిపోతుంది. చేతిలో యంత్రం లేని కాలం అది. ఆ మనిషికి ఉన్న ఆస్తి ఒక్కటే: నేను ఎక్కడ ఆగానో తెలుసు, ఆగడంవల్ల ఎంత పోయిందో తెలుసు అనే తెలివి.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిల్ల అమ్మమ్మకు ఇదంతా చెప్పింది. "దీనికి ఇంత చదువు కావాలటే?" అని ఆవిడ పులిహోర వడ్డించింది. నాన్న సంగతి పిల్ల చెప్పలేదు. మంచిపిల్ల.

సెలవులు అయిపోయి మొన్న బుధవారం కాలేజీకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం బస్సులోంచి ఫోను చేసింది.

"తాతయ్యా, ఆరింటికి హాస్టలు చేరతాను, అటూ ఇటూగా."

నేను ఏమీ అనలేదు. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తరువాత నవ్వు వినిపించింది.

"అయిదున్నరకు ముందు చేరను. దారిలో ఎంత ఆలస్యమైనా ఏడు దాటదు. ఏడు దాటినా ఫోను రాకపోతే అప్పుడు కంగారుపడండి. అంతదాకా పడకండి."

ఆరుంబావుకు ఫోను వచ్చింది. అంతవరకూ నేను నిశ్చింతగా పేపరు చదువుకున్నాను.